చప్పుడుకు తిరిగి చూసింది కదా అనుకున్నాం

మా అమ్మాయికి ఏడో నెల నడుస్తున్నప్పుడు ఆమె వినికిడికి ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టాము. చాప మీద బోర్లా పడుకుని ఆడుకుంటున్న పిల్లకు వెనకవైపున నిలబడి మా అత్తగారు ఒక స్టీలు పళ్ళాన్ని నేల మీదకు వదిలారు. పిల్ల ఉలిక్కిపడి అటు తిరిగింది. "చూశావుగా, వినబడకపోతే ఎందుకు తిరుగుతుందమ్మా? అనవసరంగా మనసు పాడుచేసుకోకు" అన్నారు ఆవిడ. చాలా రోజుల తరువాత ఆ రాత్రి నేను కంటినిండా నిద్రపోయాను. పళ్ళెం పడిన నేలా, పిల్ల పొట్ట ఆనించి పడుకున్న నేలా ఒకటేనన్న సంగతి, ఆ అదురు ఆమెకు చెవి ద్వారా కాక ఒంటి ద్వారా తెలిసి ఉండవచ్చునన్న సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. అది తట్టడానికి మరో నాలుగు నెలలు పట్టింది.

ఇప్పుడామెకు తొమ్మిదేళ్ళు. రెండు చెవులకూ కాక్లియర్ ఇంప్లాంట్లు, అంటే శస్త్రచికిత్సతో అమర్చి శ్రవణనాడికి నేరుగా సంకేతాలిచ్చే పరికరాలు, ఉన్నాయి, వాదనకు దిగితే ఆమెను నెగ్గడం కష్టం. నేను వైద్యురాలిని కాను. అయితే ఇన్నేళ్ళుగా వినికిడిని పరీక్షించే ఆడియాలజిస్టుల గదుల్లోనూ, స్పీచ్ థెరపీ గదుల బయట బెంచీల మీదా కూర్చుని, అర్థం కాని ప్రతి మాటనూ మళ్ళీ మళ్ళీ అడిగి నేర్చుకున్నది కొంత ఉంది. కొత్తగా ఈ దారిలోకి వచ్చిన తల్లిదండ్రులు ముందుగా "ఎందుకిలా జరిగింది" అనీ, ఆ తరువాత "ఇప్పుడేం చేయాలి" అనీ అడుగుతారు. ఈ రెండింటికీ సంబంధం లేదని మొదట్లో నేనూ అనుకున్నాను. మొదటి ప్రశ్న బంధువులు నిందలు వేసుకోవడానికే పనికొస్తుందని, రెండోది మాత్రమే వైద్యానికి పనికొస్తుందని నా అభిప్రాయం. అది తప్పని తెలిసింది. పుట్టుచెవుడు విషయంలో కారణం తెలియకుండా చికిత్స మొదలుపెట్టవచ్చు గాని, కారణం తెలియకపోతే ఆ చికిత్స ఎంతవరకు పనిచేస్తుందో, పిల్లలో మరి దేని మీద కన్నేసి ఉంచాలో తెలియదు.

చెవి పని చేసే తీరు కొంచెం చెబితే తక్కినది తేలిక అవుతుంది. చెవి డొప్ప పట్టిన శబ్దం కర్ణభేరిని కదిలిస్తుంది, దాని వెనక ఉన్న మూడు చిన్న ఎముకలు ఆ కదలికను లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియాకు అందిస్తాయి. కాక్లియా నిండా ద్రవం ఉంటుంది. ఆ ద్రవంలో రేగిన అలలను అక్కడి కేశకణాలు విద్యుత్ సంకేతాలుగా మారుస్తాయి, శ్రవణనాడి వాటిని మెదడుకు చేరవేస్తుంది. ఒక్కో చెవిలో లోపలి వరుస కేశకణాలు దాదాపు 3,500, బయటి వరుసల్లోవి దాదాపు 12,000 ఉంటాయి. మనకు పుట్టుకతో వచ్చేవి ఇవే, పోతే మళ్ళీ మొలవవు. పక్షుల్లో మాత్రం అవి తిరిగి పుడతాయని 1980ల చివర్లో కనుగొన్నారు. ఈ సంగతి చదివిన రోజున కిటికీ మీద వాలిన పావురాన్ని చూసి నాకు నిజంగానే అసూయ కలిగింది.

ఈ దారిలో ఎక్కడ అడ్డు పడిందన్నదే అసలు విషయం. చెవి రంధ్రం మూసుకుపోయి పుట్టడం, చిన్న ఎముకలు సరిగా ఏర్పడకపోవడం వంటివి శబ్దాన్ని లోపలికి చేరనివ్వవు. లోపలి చెవి బాగానే ఉంటుంది కాబట్టి ఇటువంటి లోపాన్ని చాలావరకు దాటవచ్చు. కేశకణాలు పనిచేయకపోవడం రెండో రకం, పుట్టుకతో వచ్చే శాశ్వత లోపాల్లో ఎక్కువ భాగం ఇదే. కేశకణాలు స్పందిస్తున్నా సంకేతం నాడి ద్వారా సవ్యంగా వెళ్ళకపోవడం మూడోది, దీన్ని ఆడిటరీ న్యూరోపతి అంటారు. ఈ మూడో రకం ఎంతటి అనుభవం ఉన్నవారినైనా తికమక పెట్టగలదు, దాని సంగతి తరువాత చెబుతాను.

పుట్టే ప్రతి 1,000 మంది శిశువుల్లో 1 నుంచి 3 మందికి శాశ్వతమైన వినికిడి లోపం ఉంటుంది. వీరిలో సగానికి పైగా పిల్లలకు కారణం జన్యువులే. ఈ మాట వినగానే ప్రతి ఇంట్లోనూ "మా వంశంలో ఎవరికీ లేదే" అంటారు. మా ఇంట్లోనూ రెండు వైపుల వారూ అదే అన్నారు, ఇద్దరూ నిజమే చెప్పారు. పుట్టుచెవుడుతో పుట్టే పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా తల్లిదండ్రులు చక్కగా వినగలిగినవారే. జన్యుపరమైన చెవుడులో అధిక భాగం రిసెసివ్ పద్ధతిలో వస్తుంది. అంటే తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి లోపమున్న జన్యువు ప్రతి (కాపీ) ఉంటుంది. తోడుగా మంచి ప్రతి కూడా ఉండడం వల్ల వారికి ఏ ఇబ్బందీ కనిపించదు. బిడ్డకు రెండు వైపుల నుంచీ లోపమున్న ప్రతే వచ్చినప్పుడు చెవుడు బయటపడుతుంది. ఇటువంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ ఆ అవకాశం నాలుగింట ఒక వంతు. తరతరాలుగా ఎవరికీ కనబడకుండా వచ్చిన లోపం ఒక బిడ్డలో ఒక్కసారిగా కనబడేది ఇందువల్లనే. దంపతులు దగ్గరి రక్తసంబంధీకులైతే ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. మాకు ముందునుంచి ఏ చుట్టరికమూ లేదు, అయినా కలిసింది.

మా అమ్మాయి రక్తపరీక్షలో తేలింది జీజేబీ2 అనే జన్యువులో లోపం. చాలా దేశాల్లో పుట్టుచెవుడుకు అన్నింటికంటే ఎక్కువగా కనిపించే జన్యుకారణం ఇదే, దీనికీ చెవుడుకూ ఉన్న సంబంధం 1997లో బయటపడింది. ఈ జన్యువు కనెక్సిన్ 26 అనే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. పక్కపక్క కణాల మధ్య సన్నని దారులు ఏర్పరచడం దాని పని. కాక్లియాలో కేశకణం స్పందించిన ప్రతిసారీ దానిలోకి పొటాషియం వచ్చి చేరుతుంది, ఆ పొటాషియం మళ్ళీ తన చోటికి తిరిగి వెళ్ళవలసింది ఈ దారుల గుండానే. దారులు సరిగా ఏర్పడనప్పుడు కాక్లియా లోపలి లవణాల అమరిక దెబ్బతిని, కేశకణాలు పనిచేయవలసినట్టు పనిచేయవు. ఇదంతా మాకు వివరించిన వైద్యురాలు చివర్లో చెప్పిన ఒక మాటతో నా గుండె కుదుటపడింది: ఈ లోపం ఉన్నవారిలో శ్రవణనాడి సాధారణంగా బాగుంటుంది, కాబట్టి ఇంప్లాంట్ వల్ల మంచి ఫలితం ఉంటుంది, కళ్ళకు గాని గుండెకు గాని మూత్రపిండాలకు గాని దీనివల్ల ప్రమాదం లేదు. కారణం తెలుసుకోవడం వల్ల ఒరిగేదేమిటి అని అడిగేవారికి నా జవాబు ఆ ఒక్క వాక్యంలో ఉంది.

అందరికీ ఆ నిశ్చింత దొరకదు. జన్యుపరమైన చెవుడులో సుమారు మూడో వంతు మరేదైనా అవయవంలోని లోపంతో కలిసి వస్తుంది. పుట్టుచెవుడు ఉన్న పిల్లకు ఈసీజీ తీయమని అన్నప్పుడు మా వారు "చెవికీ గుండెకూ ఏమిటండీ సంబంధం" అని కాస్త విసుక్కున్నారు. జెర్వెల్, లాంగే నీల్సన్ సిండ్రోమ్ అనేది ఉన్నదని, అది ఉన్న పిల్లల్లో చెవుడుతో పాటు గుండె లయ తప్పి హఠాత్తుగా స్పృహ కోల్పోయే, ప్రాణం కూడా పోయే ప్రమాదం ఉంటుందని, మత్తుమందు ఇవ్వకముందే దాన్ని పట్టుకోవాలని తెలిశాక ఆయన మరి మాట్లాడలేదు. అషర్ సిండ్రోమ్‌లో చెవుడు ముందు బయటపడుతుంది, రేచీకటితో మొదలై చూపు తగ్గడం తరువాత వస్తుంది. అందులో తీవ్రమైన రకం ఉన్న పిల్లలు సమతౌల్యం కుదరక నడక కూడా ఆలస్యంగా నేర్చుకుంటారు. రేపు చూపు తగ్గబోయే బిడ్డను పెదవుల కదలిక మీదా చేతి సైగల మీదా మాత్రమే ఆధారపడేలా పెంచలేము కదా, కాబట్టి అక్కడ ఇంప్లాంట్ నిర్ణయం మరింత తొందరగా తీసుకోవాలి. పెండ్రెడ్ సిండ్రోమ్‌లో థైరాయిడ్‌ను గమనించాలి, తలకు దెబ్బ తగిలితే ఉన్న వినికిడి కూడా మెట్టు మెట్టుగా పడిపోవచ్చు కాబట్టి ఆటల విషయంలో జాగ్రత్తపడాలి. వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో నుదుటి మీద తెల్లటి పాయ, రెండు రంగుల కళ్ళు కనిపిస్తాయి. చూసినవారు ముచ్చటపడతారు గాని, ఆ రంగుకూ చెవికీ మూలం ఒకటేనని చాలామందికి తెలియదు.

జన్యువుల తరువాత పెద్ద కారణం గర్భంలో సోకే ఇన్ఫెక్షన్లు. వీటిలో ముందు చెప్పుకోవలసినది సైటోమెగలో వైరస్, క్లుప్తంగా సీఎంవీ. అంత పెద్ద పేరున్నా తల్లికి దీనివల్ల కలిగేది మామూలు జలుబు లాంటి నలత, ఒక్కోసారి అదీ ఉండదు. ఇది సోకి పుట్టిన పిల్లల్లో అత్యధికులు పుట్టినప్పుడు ఆరోగ్యంగానే కనిపిస్తారు, అలా కనిపించినవారిలోనూ నూటికి 10 నుంచి 15 మందికి వినికిడి తగ్గుతుంది. కొందరికి పుట్టినప్పుడు బాగానే ఉండి, రెండో ఏటో మూడో ఏటో పోతుంది. ఈ వైరస్ పుట్టుకకు ముందే సోకిందా లేక తరువాత సోకిందా అన్నది ఖచ్చితంగా తేల్చాలంటే బిడ్డ లాలాజలాన్ని గాని మూత్రాన్ని గాని పుట్టిన 21 రోజులలోపు పరీక్షించాలి. ఆ మూడు వారాలు దాటితే వైరస్ కనబడినా ఎప్పటిదో చెప్పడం కష్టం. లక్షణాలున్న శిశువులకు వాల్‌గాన్‌సైక్లోవిర్ అనే మందును మొదటి నెలలోనే ప్రారంభించి ఆరు నెలలు ఇస్తే వినికిడి కొంత నిలబడుతుంది. వైరస్ ఉందని తేలిన పిల్లలకు మొదటి పరీక్ష పాస్ అయినా కొన్నేళ్ళ పాటు మళ్ళీ మళ్ళీ పరీక్షలు చేస్తూనే ఉండాలి. మా అమ్మాయి విషయంలో మేము వెళ్ళింది పదకొండో నెలలో. జన్యువులో కారణం దొరికింది కాబట్టి సరిపోయింది గాని, దొరకని పక్షంలో ఈ ప్రశ్న ఎన్నటికీ తెగేది కాదు.

రుబెల్లా కథ దీనికి భిన్నమైనది, ఎందుకంటే దానికి టీకా ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్, పుట్టుకతోనే కంటిలో శుక్లాలున్న పసివాళ్ళు ఉన్నట్టుండి ఎక్కువ కావడం గమనించి, వారి తల్లులకు గర్భం మొదటి నెలల్లో రుబెల్లా వచ్చిందని 1941లో వెల్లడించారు. ఆ పిల్లల్లో గుండె జబ్బులూ చెవుడూ కూడా ఉన్నాయని వెంటనే తెలిసివచ్చింది. గర్భిణికి సోకిన జబ్బు బిడ్డను ఇలా దెబ్బతీయగలదని వైద్యలోకం గట్టిగా నమ్మడం అప్పటి నుంచే. 1969లో టీకా వాడుకలోకి వచ్చింది. అది గర్భం దాల్చడానికి కనీసం నెల ముందు వేయించుకోవలసిన టీకా, గర్భం వచ్చాక వేయరు. టాక్సోప్లాస్మా, సిఫిలిస్ వంటివి కూడా ఇదే వరుసలోకి వస్తాయి.

కాన్పు సమయంలోనూ ఆ తరువాతి కొద్ది రోజుల్లోనూ జరిగే నష్టాన్ని కొందరు పుట్టుచెవుడు అనరు గాని, ఇంట్లోవాళ్ళకు ఆ తేడాతో పనిలేదు. నెలలు నిండకుండా పుట్టడం, 1,500 గ్రాముల కంటే తక్కువ బరువు, ఊపిరి అందకపోవడం, రక్తం మార్చవలసినంతగా ముదిరిన కామెర్లు, మెదడు పొరలకు వచ్చే వాపు మెనింజైటిస్, వీటన్నిటి వల్లా వినికిడి దెబ్బతినవచ్చు. ఎన్ఐసీయూలో, అంటే నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ వార్డులో, ఐదు రోజులకు మించి ఉన్న బిడ్డకు మామూలు స్క్రీనింగ్ చాలదనేది అందుకే. జెంటమైసిన్, అమికాసిన్ వంటి యాంటీబయాటిక్స్ ప్రాణం నిలబెట్టడానికి ఇవ్వక తప్పని మందులు, కాని కేశకణాలకు అవి పడవు. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని ఒక జన్యు మార్పు ఉన్నవారిలో ఆ మందు మామూలు మోతాదులో ఇచ్చినా చెవుడు వస్తుంది. ఆ మార్పు తల్లి ద్వారానే సంక్రమిస్తుంది కాబట్టి, ఒక బిడ్డలో అది తేలితే తల్లి వైపు బంధువులందరూ ఆ మందులకు దూరంగా ఉండడం మేలు.

ఇక కనిపెట్టే విధానం. 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ అనే శాస్త్రవేత్త, చెవి శబ్దాన్ని స్వీకరించడమే కాక తానూ అతి సన్నని శబ్దాన్ని వెలువరిస్తుందని కనుగొన్నారు. బయటి వరుస కేశకణాలు కదలడం వల్ల పుట్టే ప్రతిధ్వని అది. ఓఏఈ అని పిలిచే నవజాత శిశు పరీక్షకు ఇదే ఆధారం. నిద్రపోతున్న బిడ్డ చెవిలో మెత్తటి మొన ఉన్న చిన్న ప్రోబ్ పెడతారు, అది టిక్కుటిక్కుమనే శబ్దం పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని వింటుంది. కొద్ది నిమిషాల్లో "పాస్" అనో "రెఫర్" అనో చూపిస్తుంది. రెఫర్ అంటే చెవుడు అని అర్థం కాదు. పుట్టిన మొదటి రోజున చెవిలో ఉమ్మనీరో, తెల్లటి పూతో మిగిలి ఉన్నా అలాగే వస్తుంది. మళ్ళీ చేయించుకోవాలని మాత్రమే దాని అర్థం. మొదటి నెలలోపు స్క్రీనింగ్, మూడో నెలలోపు నిర్ధారణ, ఆరో నెలలోపు చికిత్స అన్నది ప్రపంచమంతటా ఆడియాలజిస్టులు పాటించడానికి ప్రయత్నించే లెక్క. వీలున్నచోట దాన్ని ఇంకా ముందుకు, ఒకటి, రెండు, మూడు నెలలకు జరపమంటున్నారు. మా అమ్మాయి పుట్టిన ఆసుపత్రిలో ఆ పరీక్ష చేయలేదు, అటువంటిది ఒకటి ఉందని మాకు చెప్పినవారూ లేరు. ఆరో నెలలో నా అనుమానం చెప్పుకున్న పిల్లల వైద్యుడు "కొందరు పిల్లలు నిదానమమ్మా, ఏడాది దాకా చూద్దాం" అన్నారు. ఇదే మాట ఇప్పటికీ నేను చాలామంది తల్లుల నోట వింటున్నాను. చూద్దాం అన్న మాట చెవి విషయంలో ఎంత ఖరీదైనదో ఆయనకు తెలియక కాదేమో, నా ముఖం చూసి ధైర్యం చెప్పాలనుకున్నారేమో. ఆ ధైర్యం నాకు అక్కరలేకపోయింది, ఒక చీటీ మీద పరీక్ష పేరు రాసి ఇస్తే చాలేది.

ఇందాక తికమక పెట్టేదన్న ఆడిటరీ న్యూరోపతి సంగతి ఇక్కడ వస్తుంది. ఓఏఈ చెప్పేది కేశకణాల సంగతే, నాడి సంగతి అది చెప్పదు. కాబట్టి న్యూరోపతి ఉన్న బిడ్డ ఓఏఈలో చక్కగా పాస్ అయి, ఏమీ వినకుండా పెరగవచ్చు. ముదిరిన కామెర్లు వచ్చి తగ్గిన పిల్లలకు ఓఏఈ ఒక్కటే చేసి పంపకూడదు, బేరా కూడా చేయాలి. శబ్దానికి నాడి, మెదడు కాండం ఎలా స్పందిస్తున్నాయో తల మీద అంటించిన ఎలక్ట్రోడ్ల ద్వారా గ్రాఫుగా గీసే పరీక్ష బేరా.

మా అమ్మాయికి బేరా చేసిన రోజు నాకు నిమిషం నిమిషం గుర్తుంది. నిద్రలో చేయవలసిన పరీక్ష కాబట్టి తెల్లవారుజామునే లేపి, దారి పొడవునా నిద్రపోనివ్వకుండా ఆడిస్తూ తీసుకురమ్మన్నారు. తీరా అక్కడికి చేరేసరికి ఆమె నిద్ర ఎగిరిపోయింది, నిద్రమందు సిరప్ రెండు చెంచాలు పట్టి, చీకటి గదిలో గంటన్నర ఒడిలో ఊపవలసి వచ్చింది. నుదుటి మీదా చెవుల వెనకా గరుకు పేస్టుతో రుద్ది ఎలక్ట్రోడ్లు అంటించారు. తెర మీద గీత ఒకటి సాగుతూ ఉంది. ఆడియాలజిస్టు అమ్మాయి శబ్దం పెంచుతూ పోయింది. మనం మాట్లాడుకునే మాట దాదాపు 60 డెసిబెల్స్ ఉంటుంది. 60 దాటింది, 70 దాటింది, 90 వద్ద నా చేతిలోని హెడ్‌ఫోన్ బయటకే ఆ టకటక వినిపిస్తోంది, పిల్ల మాత్రం నోరు కొంచెం తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది. శబ్దం అందితే గీతలో రావలసిన ఐదో అల రాలేదు. ఆ అమ్మాయి నా వైపు తిరగకుండానే "రెండో చెవి కూడా చూద్దామమ్మా" అంది. ఆమె గొంతు మెత్తబడిన తీరులోనే నాకు ఫలితం తెలిసిపోయింది.

అంత తొందర ఎందుకన్నది అప్పుడు గాని అర్థం కాలేదు. వినేది చెవే అయినా, విన్నదానికి అర్థం కట్టేది మెదడు. గర్భంలోనే ఆరో నెల నుంచి శిశువు శబ్దాలకు స్పందిస్తుంది, అంటే పుట్టేనాటికే మూడు నెలల వినికిడి అనుభవం ఉంటుంది. శబ్దం అందని మెదడు ఆ చోటును ఖాళీగా ఉంచుకోదు, చూపు వంటి ఇతర పనులకు కేటాయించుకుంటుంది. మూడున్నరేళ్ళలోపు శబ్దం అందితే శ్రవణ కేంద్రం దాదాపు మామూలుగా ఎదుగుతుంది, ఏడేళ్ళు దాటాక అందితే అలా ఎదగడం కష్టం. ఆరు నెలలలోపు లోపాన్ని గుర్తించి సాయం అందించిన పిల్లలకు భాష మెరుగ్గా వస్తుందని 1998లో కొలరాడోలో జరిగిన అధ్యయనం చూపింది. పదకొండో నెలలో మొదలుపెట్టిన నేను ఆ అధ్యయనం గురించి చదివి ఏడ్చిన మాట నిజమే, కాని పదకొండు నెలలు అన్నది పదకొండేళ్ళు కాదని మా థెరపిస్టు గట్టిగానే మందలించారు.

చికిత్సలో మొదటి మెట్టు దాదాపు అందరికీ హియరింగ్ ఎయిడే. చెవి మిషన్ అని ముఖం చిట్లించేవారు ఉన్నారు గాని, తక్కువ నుంచి ఒక మోస్తరు తీవ్రత వరకు ఉన్న లోపానికి అదే పూర్తి చికిత్స కావచ్చు. కొన్ని వారాల వయసు పిల్లలకూ పెట్టవచ్చు. ఏదో ఒక మిషన్ కొని శబ్దం పెంచితే సరిపోతుందనుకోవడం పొరపాటు. బిడ్డ చెవి రంధ్రం చాలా చిన్నది, అందులో అదే శబ్దం పెద్దవాళ్ళ చెవిలో కంటే బిగ్గరగా ఉంటుంది, కాబట్టి ఆ చెవిలోనే కొలిచి సరిచేయాలి. చెవికి అచ్చు తీసి చేసే ఇయర్ మోల్డ్ మరో కథ. పిల్ల చెవి నెల నెలా పెరుగుతుంది, మోల్డ్ పెరగదు. వదులైన మోల్డ్ నుంచి శబ్దం బయటికి వచ్చి మళ్ళీ మైకులో పడి కీచుమని కూస్తుంది. మా అమ్మాయిని భుజాన వేసుకుని జోకొడుతుంటే ఆమె చెవి నా మెడకు తగిలిన ప్రతిసారీ ఆ కూత వచ్చేది. ఆ కూత మాకు ఒక విధంగా గడియారం, అది వచ్చిందంటే కొత్త అచ్చు తీయించవలసిన రోజు వచ్చిందన్నమాట. చెవి రంధ్రమే లేని పిల్లలకు మెత్తని పట్టీతో తలకు కట్టే బోన్ కండక్షన్ పరికరం ఉంటుంది, అది పుర్రె ఎముక ద్వారా శబ్దాన్ని నేరుగా కాక్లియాకు అందిస్తుంది. ఐదేళ్ళ వయసు వచ్చి ఎముక గట్టిపడ్డాక దాన్ని శస్త్రచికిత్సతో అమర్చవచ్చు.

మా అమ్మాయికి ఐదు నెలలు మిషన్లు పెట్టి చూశాము. శక్తిమంతమైన మిషన్‌తో కూడా మాట వినబడే స్థాయి అందలేదు. పదిహేడో నెలలో రెండు చెవులకూ ఒకేసారి కాక్లియర్ ఇంప్లాంట్ చేశారు. దాని చరిత్ర ఎంత చిన్నదో తెలిసినప్పుడు ఆశ్చర్యపోయాను. 1957లో పారిస్‌లో జూర్నో, ఎయ్రియే అనే ఇద్దరు శ్రవణనాడిని మొదట విద్యుత్తుతో ప్రేరేపించారు, 1961లో అమెరికాలో విలియం హౌస్, 1978లో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ దాన్ని ముందుకు తీసుకువెళ్ళారు. అమెరికాలో రెండేళ్ళు నిండిన పిల్లలకు 1990లో, ఏడాది నిండినవారికి 2000లో అనుమతి వచ్చింది. 2020లో ఒక పరికరానికి ఆ వయసును తొమ్మిది నెలలకు తగ్గించారు. చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్ శబ్దాన్ని అంకెలుగా మార్చి, అయస్కాంతంతో తలకు అంటుకునే కాయిల్ ద్వారా చర్మం కింద ఉన్న భాగానికి పంపుతుంది. అక్కడి నుంచి కాక్లియాలోకి చొప్పించిన సన్నని తీగ మీద 12 నుంచి 22 వరకు ఎలక్ట్రోడ్లు ఉంటాయి. కాక్లియా మొదట్లో కీచు స్వరాలు, కొసన బొంగురు స్వరాలు పలుకుతాయి కాబట్టి ఏ ఎలక్ట్రోడ్ ప్రేరేపిస్తే మెదడుకు ఆ స్వరం తోస్తుంది. వేల కేశకణాలు చేయవలసిన పనిని ఇరవై రెండు బిందువులతో సరిపెడుతున్నామన్నది గుర్తుంచుకుంటే, సంగీతం వారికి ఎందుకు అంత తేలికగా అందదో అర్థమవుతుంది.

శస్త్రచికిత్సకు ముందు ఎంఆర్ఐ తప్పనిసరి, ఎందుకంటే ఇంప్లాంట్ సంకేతం ఇచ్చేది నాడికి. కొందరు పిల్లలకు శ్రవణనాడి ఏర్పడనే ఏర్పడదు, కొందరికి కాక్లియాయే ఉండదు. బేరా గ్రాఫు వారిదీ మాదీ ఒకేలా చదునుగా ఉంటుంది, చికిత్స మాత్రం ఒకటి కాదు. వారికి కొన్ని కేంద్రాల్లో మెదడు కాండం మీదే అమర్చే ఇంప్లాంట్ చేస్తారు, దాని ఫలితాలు కాక్లియర్ ఇంప్లాంట్ అంత బాగుండవు. మెనింజైటిస్ ప్రమాదం కొంత ఉంటుంది కాబట్టి న్యూమోకాకల్ టీకాలు కూడా ముందే పూర్తిచేయించాలి.

శస్త్రచికిత్స జరిగిన మూడు వారాలకు స్విచ్ ఆన్ చేశారు. ఇంటర్నెట్‌లోని వీడియోల్లో పిల్లలు ఆ క్షణంలో నవ్వుతారు. మా అమ్మాయి పెదవి విరిచి, నా చీర కొంగులో ముఖం దాచుకుని, బావురుమంది. పదిహేడు నెలలకు పైగా నిశ్శబ్దంలో ఉన్న పిల్లకు ఒక్కసారిగా లోకం చొరబడితే భయపడక ఏం చేస్తుంది? శబ్దాన్ని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయే మ్యాపింగ్ మొదట వారం వారం, తరువాత నెల నెలా, ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు జరుగుతోంది. ఆ రోజు నుంచి ఆమె వినికిడి వయసు లెక్కపెట్టమన్నారు. మామూలు పిల్లలు మాట్లాడటానికి ఏడాది పాటు వింటారు, ఈమెకూ ఆ ఏడాది ఇవ్వాలి. ఇంప్లాంట్ పెట్టించి, థెరపీ మానేసినవారిని నేను చూశాను. పరికరం పనిచేస్తూనే ఉంటుంది, మాట రాదు. శబ్దం వచ్చినప్పుడల్లా చెవి మీద వేలు పెట్టి చూపించడం, కొళాయి తిప్పే ముందే "నీళ్ళు వస్తాయి, విను" అని ఆగడం, ఇలాంటివి రోజుకు వంద సార్లు చేయవలసిన పని, దాన్ని ఇంట్లోవాళ్ళే చేయాలి. స్విచ్ ఆన్ అయిన ఎనిమిదో నెలలో, పక్క గదిలో ఉన్న నేను ఆమె పేరు పిలిస్తే, చేతిలోని బొమ్మను అలాగే గాలిలో పట్టుకుని ఆగి, తలుపు వైపు చూసింది. ఈసారి నేల అదరలేదు.

సైగల భాష గురించి నా అభిప్రాయం అందరికీ నచ్చకపోవచ్చు. సైగలు నేర్పితే మాట రాదని మమ్మల్ని మొదట్లో భయపెట్టారు. సైగల భాషకు సొంత వ్యాకరణం ఉందని, అది పూర్తి భాష అని 1960లో విలియం స్టోకో చూపించి ఇన్నేళ్ళయింది. ఏ భాషా లేకుండా గడిచే నెలలే మెదడుకు నష్టం, అంతేగాని రెండు భాషలు కాదు. ఇంప్లాంట్ వేయించుకోకుండా, సైగల భాషలో చదువుకుని, నిండుగా బతుకుతున్న పెద్దలు ఎందరో ఉన్నారు, తమను మరమ్మతు చేయవలసిన వస్తువులుగా చూడవద్దన్న వారి మాటలో న్యాయం ఉంది. మేము రెండూ ఎంచుకున్నాము.

జన్యుచికిత్స గురించి అడిగేవారికి ఒక్క మాట. ఓటోఫ్ అనే జన్యువులో లోపం వల్ల కేశకణం నుంచి నాడికి సంకేతం అందని పిల్లలు ఆరుగురికి, ఆ జన్యువు మంచి ప్రతిని వైరస్ సాయంతో ఒక చెవిలోకి పంపి, ఐదుగురిలో వినికిడి తిరిగి వచ్చినట్టు షాంఘైలోని ఫుడాన్ విశ్వవిద్యాలయ వైద్యులు 2024 జనవరిలో ప్రచురించారు. ఆ జన్యువు పెద్దది, ఒక వైరస్‌లో పట్టదు, రెండు ముక్కలుగా రెండు వైరస్‌లలో పంపవలసి వచ్చింది. అది ఆ ఒక్క జన్యువుకు మాత్రమే పనికొచ్చే చికిత్స. మా అమ్మాయి జన్యువు వేరు, కాబట్టి దానివల్ల ఆమెకు ప్రయోజనం లేదు. బిడ్డ పేరు ఏ జన్యువు కింద రాసుందో తెలిసి ఉండడం మాత్రం రేపటికి ఉపయోగం.

మూడేళ్ళ క్రితం మాకు బాబు పుట్టాడు. నాలుగింట ఒక వంతు అవకాశం అని తెలిసే కన్నాము. రెండో రోజునే ఓఏఈ చేయమన్నాను, పాస్ వచ్చింది. అక్కకు ఉన్న సంగతి చెప్పి బేరా కూడా చేయించాను, ఐదో అల చక్కగా వచ్చింది. మాలాగే వాడిలోనూ లోపమున్న ప్రతి ఒక్కటే ఉందని తరువాత రక్తపరీక్ష చెప్పింది. అప్పుడు మా అమ్మాయికి ఆరేళ్ళు. నా పక్కనే నిలబడి తెర మీది గీతను శ్రద్ధగా చూసి, "తమ్ముడికి రాత్రి లైటు ఆపాక కూడా వినబడుతుందా అమ్మా?" అని అడిగింది. అవునన్నాను. పడుకునే ముందు ఆమె రెండు ప్రాసెసర్లూ తీసి, తేమ పీల్చే డబ్బాలో పెడుతుంది, ఆ తరువాత మేము లైటు ఆపుతాము. కాసేపు ఆలోచించి, "అయితే లైటు ఆపాక మీరందరూ మాట్లాడుకుంటారా?" అంది. ఆరేళ్ళుగా, దీపం ఆరితే లోకంలో అందరి మాటలూ ఆగిపోతాయని ఆమె అనుకుంటోంది. ఆ రాత్రి నుంచి మా పడకగదిలో గోడ వారగా చిన్న దీపం ఒకటి వెలుగుతూ ఉంటుంది. ఆ వెలుతురులో ఆమె చేతులతో కబుర్లు చెబుతుంది, తమ్ముడు నిద్ర ఆపుకుంటూ చేతులతోనే జవాబిస్తాడు.